వక్రదర్పణములు: ప్రతిబింబస్థానము, ఆవర్ధనము
(తల్లిదండ్రుల కొఱకు ఒక పాఠము)

ఏటేట ఈ సంచికలో ప్రధానోపాధ్యాయుడు పాఠశాల అభివృద్ధిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుట వాడుక. ఆ సంగతులన్నియు కార్యదర్శిగారి నివేదికలో ఎట్లును ఉండును గనుక, ఈ యేడు నేను ఒక పాఠము వ్రాయదలచితిని. అందులకు కారణము ఒక జవాబుపత్రము.

గడచిన అర్ధసంవత్సర పరీక్షలో భౌతికశాస్త్రమునందు ఈ ప్రశ్న నిచ్చియుంటిని: “15 సెం.మీ. నాభ్యంతరము గల పుటాకార దర్పణమునకు ముందు 10 సెం.మీ. దూరమున ఒక వస్తువు కలదు. ప్రతిబింబస్థానమును, ఆవర్ధనమును కనుగొనుము.” ఒక బాలుడు ప్రతిబింబదూరము −30 సెం.మీ. అని వ్రాసెను. మా పుస్తకము ప్రకారము రావలసినది +30. నేను ఎఱ్ఱసిరాతో ఆ ఋణచిహ్నము చుట్టును సున్న చుట్టి, మార్కుల గడిలో మఱియొక సున్న వేసితిని. మఱునాడు ఆ బాలుని తండ్రిగారు పత్రము చేతబట్టుకొని నా గదికి వచ్చిరి. వారు లారీల మరమ్మతు చేయువారు.

“మాష్టారూ, ఈ లెక్క వానికి నేర్పినది నేనే. నేను చదువుకున్న రోజుల్లో ఇట్లాగే చేసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. నిన్న రాత్రినుంచి వాడు నా ముందర పుస్తకము తెరవడము లేదు. ‘నాయనా, నీ లెక్కలు పాతవి, తప్పులు’ అంటున్నాడు. నా లెక్క తప్పా?” అని వారు నన్నడిగిరి.

నేను పత్రమును మరల ఆసాంతము చదివితిని. మొదటి పంక్తినుండి తుది పంక్తివఱకు ఒక్క తప్పును లేదు. బాలుడు చివర “ప్రతిబింబము దర్పణమునకు వెనుక ఏర్పడును, నిటారుగా ఉండును” అని స్పష్టముగా వ్రాసియున్నాడు. నేను ఆ వాక్యము చదువకయే చిహ్నమును మాత్రము చూచి సున్న వేసితిని. ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన వాడను ఇట్లు చేయుటకు సిగ్గుపడితిని. అయితే ఇట్టి చిక్కు ఆ యొక్క యింటిలోనే కాక మఱి కొన్ని యిండ్లలోను ఉండునని తోచినందున ఈ పాఠము వ్రాయుచున్నాను. తండ్రి లెక్కయు పాఠశాల లెక్కయు రెండును ఎట్లు సరియైనవో తెలియవలెనన్న, ముందు అద్దమును చేతిలోనికి తీసికొనవలెను.

ఇంటిలో మెరుపు తగ్గని స్టీలు గరిటె యొకటి తీసికొనుడు. లోపలి గుంటవైపు ముఖము చూచుకొన్నచో తలక్రిందులుగా కనబడును. త్రిప్పి వీపువైపు చూచినచో నిటారుగా, చిన్నదిగా కనబడును. గుంటవైపు పుటాకార దర్పణము, వీపువైపు కుంభాకార దర్పణము. పుటమనగా ఆకుదొప్ప, కుంభమనగా కుండ. దొప్ప లోపలిభాగము వంటిది మొదటిది, కుండ వెలుపలిభాగము వంటిది రెండవది. మన పొరుగు పిల్లలు తమిళమున వీనినే కుళియాడి, కువియాడి యందురు. కన్నడమున నిమ్న దర్పణము, పీన దర్పణము అందురు. ఇంగ్లీషులో కాంకేవ్, కాన్వెక్స్. మన పిల్లవాడు వీధిలో ఒక పేరు, బడిలో ఒక పేరు, రేపు కళాశాలలో మఱియొక పేరు వినవలసి వచ్చును. అందువలన గందరగోళము కలుగునని కొందఱు తల్లిదండ్రులు నాతో ననుచుందురు. గరిటెను చేతబట్టి చూచిన పిల్లవానికి పేరు మారినను వస్తువు మారదు. చూడని వానికి ఒక్క పేరైనను బరువే.

ఇప్పుడు చూపుడువ్రేలి కొనను గరిటె గుంటకు ఆనించునంత దగ్గరకు కొనిపొండు. వ్రేలు నిటారుగా, లావుగా కనబడును. మెల్లగా వెనుకకు తీయుచు పొండు. ఒకచోట బొమ్మ చెదరిపోయి, ఆపైన తలక్రిందులై మరల కనబడును. చెదరిన ఆ చోటే ముఖ్యమైనది. దానిని నాభి యందురు. గరిటె నాభి గుంటకు మిక్కిలి దగ్గరలో నుండును గనుకనే మన ముఖము ఎల్లప్పుడును దానికి ఆవల నుండి తలక్రిందులగును. గరిటె నిజమైన గోళఖండము కాదు. అది కోడిగ్రుడ్డు వలె సాగియుండును. కావున గరిటెతో చూడవచ్చును గాని లెక్కలు చేయరాదు. లెక్కలకు పాఠశాల ప్రయోగశాలలోని గుండ్రని దర్పణమే కావలెను.

దర్పణపు నడిబిందువును ధ్రువమందురు. ధ్రువమునుండి నేరుగా ముందునకు సాగు రేఖ ప్రధానాక్షము. ఆ యక్షమునకు సమాంతరముగా వచ్చిన కిరణములు పుటాకార దర్పణముపై పడి తిరిగి కలిసికొను బిందువు నాభి. ధ్రువమునుండి నాభివఱకు గల దూరము నాభ్యంతరము. ఏ గోళమునుండి ఆ దర్పణము కోసినట్లుండునో ఆ గోళపు వ్యాసార్ధములో ఇది సగము.

నాభ్యంతరమును కొలుచుటకు పెద్ద పరికరము లక్కఱలేదు. తలుపు తెఱచి దర్పణమును దూరపు చెట్టు వైపునకు త్రిప్పి, దాని ముందు తెల్లకాగితమును ముందు వెనుకలకు జరుపుచు పొండు. ఒకచోట చెట్టు తలక్రిందులై చిన్న చిత్రమువలె కాగితముపై దిగును. అప్పుడు కాగితమునకును దర్పణమునకును నడుమ గల దూరమే రమారమి నాభ్యంతరము. చెట్టు 30 మీటర్ల దూరమున ఉన్నచో, 15 సెం.మీ. దర్పణమునకు మీరు కొలుచు దూరము 15.08 సెం.మీ. వచ్చును, బడి స్కేలుతో ఆ భేదము తెలియదు. చెట్టుకు బదులు 3 మీటర్ల దూరపు కిటికీని చూచినచో దాదాపు 15.8 వచ్చును, ఈ భేదము స్కేలుపై తెలియును. కావున ఎంత దూరపు వస్తువైన అంత మేలు. అట్లని సూర్యుని వైపు మాత్రము దర్పణమును త్రిప్పనీయకుడు. కాగితము కాలును, కంటికి చేటు. రాత్రి చంద్రుని చూడవచ్చును. చంద్రుని దూరము అతని వ్యాసమునకు సుమారు 110 రెట్లు గనుక, అతని ప్రతిబింబము నాభ్యంతరములో 110వ వంతు ఉండును. అనగా మన 15 సెం.మీ. దర్పణములో ఒకటిన్నర మిల్లీమీటరైనను లేని వెలుగుచుక్క. ప్రతిబింబము పెద్దది కావలెనన్న నాభ్యంతరము పెద్దది కావలెను. అది వెలుగుతో నిండవలెనన్న అద్దమే పెద్దది కావలెను. తమిళనాడున జవ్వాది కొండలలో కావలూరునందు 1986లో నెలకొల్పిన దూరదర్శినిలోని పుటాకార దర్పణపు వ్యాసము 2.34 మీటర్లు. హైదరాబాదున పెరిగి, తండ్రి పనిచేసిన నిజామియా వేధశాలలో నక్షత్రములు చూడ నేర్చిన వైను బప్పుగారి పేరు దానికి పెట్టిరి. అంత పెద్ద అద్దమైనను, చెట్టు బొమ్మను కాగితముపై దింపిన మన చిన్న అద్దము చేయు పనినే చేయుచున్నది.

ఇక లెక్కకు వత్తము. ప్రతిబింబమెక్కడ ఏర్పడునో తెలిసికొనుటకు రెండు కిరణములు చాలును. ఒక కాగితముపై దర్పణమును, అక్షమును, నాభిని గీయుడు. నాభికి కొంచెము ఆవల ఒక కొవ్వొత్తిని నిలువుగీతగా గీయుడు.

మొదటి కిరణము కొవ్వొత్తి కొననుండి నాభి గుండ పోయి దర్పణముపై పడును. నాభి గుండ పోయిన కిరణము పరావర్తనము చెంది అక్షమునకు సమాంతరముగా పోవును. కావున అది దర్పణముపై అక్షమునుండి ఎంత దూరమున పడినదో, ప్రతిబింబపు కొన కూడ అక్షమునుండి అంతే దూరమున ఉండును. నాభి కడ ఇప్పుడు రెండు త్రిభుజము లేర్పడినవి. ఒకదాని అడుగుకొలత నాభినుండి కొవ్వొత్తికి గల దూరము, ఎత్తు కొవ్వొత్తి ఎత్తు. రెండవదాని అడుగుకొలత నాభ్యంతరము, ఎత్తు ప్రతిబింబపు ఎత్తు. ఇవి సరూప త్రిభుజములు. అందుచేత ప్రతిబింబము వస్తువునకు ఎన్ని రెట్లన్న, నాభ్యంతరమును నాభినుండి వస్తువునకు గల దూరముచే భాగించిన వచ్చునన్ని రెట్లు. దీనినే ఆవర్ధనమందురు.

రెండవ కిరణము కొవ్వొత్తి కొననుండి అక్షమునకు సమాంతరముగా పోయి, దర్పణముపై పడి, నాభి గుండ తిరిగివచ్చి ప్రతిబింబమును చేరును. ఇక్కడను రెండు సరూప త్రిభుజములు. ఈ సారి ఆవర్ధనము, నాభినుండి ప్రతిబింబమునకు గల దూరమును నాభ్యంతరముచే భాగించిన ఫలమగును.

రెండును ఒకే ఆవర్ధనము గనుక ఈ నియమము వచ్చుచున్నది: నాభినుండి వస్తువునకు గల దూరమును, నాభినుండి ప్రతిబింబమునకు గల దూరమును హెచ్చించినచో నాభ్యంతరపు వర్గము వచ్చును. దీనిని న్యూటను నియమమందురు. వస్తువు నాభికి ఏ వైపున నున్నదో ప్రతిబింబమును నాభికి ఆ వైపుననే ఉండునని మాత్రము గుర్తుంచుకొనవలెను. ధన ఋణ చిహ్నముల తగవు ఇందులో రానే రాదు. మా పుస్తకములో ఈ నియమమునకు చోటు లేదు గాని, తండ్రికొడుకుల నడుమ మధ్యవర్తిగా నేను దీనినే పిలిచితిని.

పరీక్షలోని లెక్కను దీనితో చూతము. నాభ్యంతరము 15, వస్తువు దర్పణమునుండి 10 సెం.మీ. దూరమున ఉన్నది. అనగా నాభినుండి దర్పణమువైపునకు 5 సెం.మీ. 15 వర్గము 225. దానిని 5చే భాగింప 45. ప్రతిబింబము నాభినుండి దర్పణమువైపునకే 45 సెం.మీ. దూరమున ఉండవలెను. నాభినుండి దర్పణము చేరుటకే 15 పోయినది. తక్కిన 30 దర్పణమునకు వెనుక. ఆవర్ధనము 15ను 5చే భాగింప 3. కావున ప్రతిబింబము దర్పణమునకు 30 సెం.మీ. వెనుక, మూడు రెట్లు పెద్దదిగా కనబడును. బాలుడు తన చివరి వాక్యములో చెప్పినదియు వెనుకనే యని.

అద్దము వెనుక కాగితము పెట్టిన ఆ బొమ్మ దానిపై పడదు. కంటికి మాత్రము అక్కడ నున్నట్లు తోచును. దీనిని మిథ్యాప్రతిబింబమందురు. ఇప్పుడు కొవ్వొత్తిని 10 సెం.మీ. నుండి 20 సెం.మీ. దూరమునకు జరుపుడు. ఇదియు నాభినుండి 5 సెం.మీ. దూరమే, కాని ఆవలివైపు. 225ను 5చే భాగింప మరల 45. నాభికి ఆవల 45, దర్పణమునుండి 60. ఆవర్ధనము మరల 3. చీకటి గదిలో 60 సెం.మీ. దూరమున తెల్లకాగితము నిలిపినచో, 2 సెం.మీ. జ్వాల 6 సెం.మీ. జ్వాలయై తలక్రిందులుగా దానిపై వెలుగును. ఇది నిజప్రతిబింబము. కొవ్వొత్తియే అడ్డము రాకుండ దర్పణమును వెండ్రుకవాసి ప్రక్కకు త్రిప్పవలెను. ఈ ప్రయోగమును పిల్లలు ఒకసారి చేసిన మరువరు. చేయక గట్టిగా వల్లించిన పిల్లలు పరీక్షనాటికి మరతురు.

10 సెం.మీ. కడను మూడు రెట్లే, 20 సెం.మీ. కడను మూడు రెట్లే. ఒకటి నిటారు, ఒకటి తలక్రిందులు. ఈ భేదమును తెలుపుటకే ఆవర్ధనమునకు చిహ్నము పెట్టుదురు: నిటారుగా నున్న +3, తలక్రిందులైన −3. చిహ్నము అలంకారము కాదు; బొమ్మ ఎట్లు నిలిచినదో చెప్పు మాట.

పాఠ్యపుస్తకములో నున్న సూత్రము వేఱొక రూపమున నున్నది. అందు దూరములన్నియు నాభినుండి గాక ధ్రువమునుండి కొలుతురు:

1/ప్రతిబింబదూరము + 1/వస్తుదూరము = 1/నాభ్యంతరము

ఆవర్ధనము = −(ప్రతిబింబదూరము ÷ వస్తుదూరము)

పిల్లలు వీనిని వి, యు, ఎఫ్ అను అక్షరములతో వ్రాయుదురు. ఇంతవఱకు ఏ తగవును లేదు. తగవంతయు ఏ దూరమునకు ధనచిహ్నము, ఏ దూరమునకు ఋణచిహ్నము పెట్టవలెననుటలోనే.

పూర్వపు పుస్తకములు కొన్నింటిలో “నిజమైనది ధనము, మిథ్యయైనది ఋణము” అను కట్టుబాటు ఉండెను. దర్పణమునకు ముందున్న వస్తువు, ముందేర్పడిన ప్రతిబింబము, పుటాకార దర్పణపు నాభ్యంతరము అన్నియు ధనము. వెనుక నున్నవన్నియు ఋణము. ఆ తండ్రిగారు చదివినది ఇట్టి పుస్తకమే. ఇప్పటి మా పుస్తకములో కార్టీజియను కట్టుబాటు కలదు. గణితమున గ్రాఫుకాగితముపై చేయునట్లే, ధ్రువమును మూలబిందువుగా నుంచి, వెలుగు వచ్చి దర్పణముపై పడు దిశను ధనదిశగా తీసికొందురు. కావున దర్పణమునకు ముందున్న దూరములన్నియు ఋణము, వెనుక నున్నవి ధనము. అక్షమునకు పైది ధనము, క్రిందిది ఋణము.

రెండు విధములుగాను అదే లెక్కను చేయుదము.

తండ్రిగారి పద్ధతి: వస్తుదూరము +10, నాభ్యంతరము +15. 1/15 − 1/10 = −1/30. ప్రతిబింబదూరము −30. ఋణము గనుక మిథ్య, అనగా దర్పణమునకు వెనుక. ఆవర్ధనము −(−30 ÷ 10) = +3.

పాఠశాల పద్ధతి: వస్తుదూరము −10, నాభ్యంతరము −15. −1/15 + 1/10 = +1/30. ప్రతిబింబదూరము +30. ధనము గనుక దర్పణమునకు వెనుక. ఆవర్ధనము −(30 ÷ −10) = +3.

దర్పణముల విషయమున ఒక పద్ధతిలోని ప్రతి చిహ్నమును రెండవ పద్ధతిలో సరిగా తలక్రిందులైనది. సమీకరణములోని ప్రతి పదమునకు చిహ్నము మార్చినచో సమీకరణము చెడదు. వర్తకుని పుస్తకములో “రావలసినది” అని వ్రాసిన పద్దును బాకీదారుడు తన పుస్తకములో “ఇవ్వవలసినది” అని వ్రాసికొనును, రూపాయలు మారునా? ఇదియు నట్టిదే. ఆవర్ధనములో రెండు దూరముల నిష్పత్తియే గనుక అక్కడ రెండింటను +3 ఒకే తీరున వచ్చినది.

నిజమైన ప్రమాదము వేఱొకటి కలదు. అది రెండు కట్టుబాట్లను ఒకే లెక్కలో కలుపుట. ఇంటిలో నాభ్యంతరము ధనమని విని, బడిలో వస్తుదూరము ఋణమని విన్న పిల్లవాడు +15, −10 అని వ్రాయును. అప్పుడు 1/15 + 1/10 = 1/6. ప్రతిబింబము 6 సెం.మీ. వెనుక, ఆవర్ధనము +0.6. లెక్కలో కూడికలు, భాగహారములు అన్నియు సరిగానే యుండును. కాని ముఖమును మూడింతలు చేసి చూపిన అద్దము ఇప్పుడు దానిని సగముకంటె కొంచెము పెద్దదిగా మాత్రమే చూపుచున్నది! వ్రాసినవానికి తెలియకుండ పుటాకార దర్పణము కుంభాకార దర్పణమైపోయినది. ఇట్టి జవాబులు ఆ పరీక్షలో నాకు ఆఱు దొరికినవి. వీనికి మాత్రము నేను వేసిన సున్న సరియైనదే, అయినను ఆ పిల్లలకు లెక్కలు రావనుకొనుట సరికాదు.

కావున ఇంటిలో సాయపడు పెద్దలకు నా మనవి: లెక్క మొదలుపెట్టుటకు పూర్వము “మీ బడిలో ముందుది ధనమా, ఋణమా?” అని పిల్లవాని నడుగుడు. వాడు చెప్పిన కట్టుబాటునే తుదివఱకు నడపుడు. పరీక్షలో పాఠ్యపుస్తకపు కట్టుబాటే వాడవలెను. పేపరు దిద్దువారందఱును చివరి వాక్యము చదువుదురని నమ్మరాదు, నేనే చదువలేదు గదా. ఇంకొక సంగతి. ఈ రెండు పద్ధతులకు సూత్రము ఒక్కటే యనుట దర్పణములకు మాత్రమే. కటకముల పాఠము వచ్చినప్పుడు కార్టీజియను పద్ధతిలో సూత్రము నడుమ ధనచిహ్నము పోయి ఋణచిహ్నము వచ్చును. పాత సూత్రమును అక్కడ క్రొత్త చిహ్నములతో వాడిన జవాబు చెడును. కటకములకు, దర్పణములకు, నీటి ఉపరితలమునకు ఒకే కొలతపద్ధతి నడచుచున్నందుననే ఇప్పటి పుస్తకములు కార్టీజియను కట్టుబాటును ఎన్నుకొన్నవి. నా దృష్టిలో అది మంచి మార్పే. అయితే పాత పద్ధతిలో చదివిన తండ్రి అజ్ఞాని యని దాని యర్థము కాదు.

కుంభాకార దర్పణమును గూర్చి చెప్పవలసినది తక్కువ. వస్తువు ఎంత దూరమున నున్నను ప్రతిబింబము ఎల్లప్పుడును దర్పణమునకు వెనుక, నాభికిని ధ్రువమునకును నడుమ, నిటారుగా, చిన్నదిగా నుండును. పిల్లలు దీనిని రెండు పంక్తులలో వల్లించి ముగింతురు. కాని దీనివలన కలుగు ఒక చిక్కును నాకు చూపినవారు ఆ లారీల మరమ్మతు చేయు తండ్రిగారే. చిహ్నముల తగవు తీఱిన పిదప వారు నవ్వి, “మాష్టారూ, క్రొత్త డ్రైవరు ప్రక్క అద్దములో చూసి వెనుక బండి ఇంకా ఎంతో దూరములో ఉందనుకుంటాడు. తల బయట పెట్టి చూస్తే మీదికి వచ్చి ఉంటుంది. అది ఎందువల్ల?” అనిరి.

బస్సుల, లారీల ప్రక్క అద్దములు కుంభాకారములు. చదును అద్దముకంటె వీనిలో ఎక్కువ రోడ్డు కనబడును గనుక వీనిని పెట్టుదురు. లెక్కకు తేలికగా నుండుటకు అద్దపు నాభ్యంతరము 1 మీటరు అనుకొందము. వెనుక లారీ 9 మీటర్ల దూరమున ఉన్నది. పాఠశాల పద్ధతిలో వస్తుదూరము −9, నాభ్యంతరము +1. 1 + 1/9 = 10/9. ప్రతిబింబదూరము +0.9 మీటరు, ఆవర్ధనము +0.1. 3 మీటర్ల ఎత్తు లారీ, అద్దము వెనుక 30 సెం.మీ. బొమ్మగా నిలిచినది.

అదే లారీ 99 మీటర్ల దూరమున ఉన్నప్పుడో? 1 + 1/99 = 100/99. ప్రతిబింబదూరము 0.99 మీటరు, ఆవర్ధనము 0.01, బొమ్మ 3 సెం.మీ. లారీ 99 మీటర్ల నుండి 9 మీటర్లకు, అనగా 90 మీటర్లు దగ్గరకు వచ్చినది. అద్దములో బొమ్మ జరిగినది 9 సెంటీమీటర్లు మాత్రమే! రోడ్డంతయు ఆ చిన్న యెడములో మడిచిపెట్టినట్లున్నది. బొమ్మ జరిగిన జాడ కంటికి అందదు గనుక డ్రైవరు బొమ్మ పరిమాణమునుబట్టియే దూరమును ఊహించును. బొమ్మ చిన్నది గనుక బండి దూరముగా నున్నదని భ్రమపడును. కొన్ని బండ్ల అద్దములపై “అద్దములో కనబడు వస్తువులు అంతకంటె దగ్గరగా నున్నవి” అని ఇంగ్లీషున వ్రాసియుండుట ఇందుచేతనే. మన పిల్లలలో పలువురు రహదారి దాటి బడికి వచ్చువారు. సైకిలుపై పోవువారికి, బండి నేర్చుకొను వయసు వచ్చినవారికి ఈ లెక్కను ఇంటిలో చేయించుడు. నేను ఇకమీద తరగతిలో ఈ లెక్కనే చెప్పుదును.

ఆ తండ్రిగారు సమాధానము విని, బాలుని పిలిపింపుమనిరి. బాలుడు వచ్చి తలవంచుకొని నిలిచెను. నేను ప్రయోగశాలనుండి దర్పణము తెప్పించి, “బాబూ, సుద్దముక్కను 10 సెం.మీ. దూరమున ఉంచి చూడుము. బొమ్మ వెనుకనా, ముందా?” అంటిని. “వెనుకనండీ, పెద్దదిగా” అనెను. “మీ నాయన లెక్క ఏమి చెప్పినది?” “వెనుకనే నండీ.” “మన పుస్తకపు లెక్క?” వాడు కొంతసేపు కాగితముపై చూచి, “అదీ వెనుకనే” యని తండ్రివైపు చూచెను. పత్రముపై సున్న కొట్టివేసి, పూర్తి మార్కులు వేసి, ప్రక్కన సంతకము చేసితిని. ప్రక్క కట్టుబాటును వ్రాయనందున ఒక మార్కు తగ్గింపవచ్చునని తండ్రిగారే అనిరి గాని నేను ఒప్పుకొనలేదు.

ఇంటిలో చేయించుటకు మూడు లెక్కలు వ్రాయుచున్నాను. అన్నింటికిని పుటాకార దర్పణపు నాభ్యంతరము 20 సెం.మీ. వస్తువు 30 సెం.మీ. దూరమున ఉన్నచో ప్రతిబింబము 60 సెం.మీ. ముందు, రెండు రెట్లు, తలక్రిందులు. 40 సెం.మీ. దూరమున ఉన్నచో 40 సెం.మీ. ముందు, వస్తువంతే, తలక్రిందులు. 15 సెం.మీ. దూరమున ఉన్నచో 60 సెం.మీ. వెనుక, నాలుగు రెట్లు, నిటారు. జవాబులు నేనే చెప్పితిని గనుక చిహ్నములు మాత్రము పిల్లలు పెట్టవలెను. ఏ కట్టుబాటుతో పెట్టినారో మొదటి పంక్తిలో వ్రాయవలెను. న్యూటను నియమముతో పెద్దలు సరిచూడవచ్చును.

దర్పణము ఇంటికి కావలసినవారు శనివారము మధ్యాహ్నము బడి విడుచు వేళకు వచ్చి ప్రయోగశాల పుస్తకములో పేరు వ్రాసి తీసికొనిపోవచ్చును. సోమవారము ఉదయము తిరిగి చేర్పవలెను. దర్పణపు ముఖమును వ్రేళ్ళతో తాకక, మెత్తని బట్టతో పట్టుకొనవలెను. వెనుక పూత గీచుకొనిపోయిన వానిని మార్చుటకు సంవత్సరమునకు ఒక్కసారియే మాకు సొమ్ము వచ్చును.